ఇరవై ఎనిమిది రోజుల నెల

మొబైల్ కంపెనీల పంచాంగంలో నెలకి 28 రోజులే. ఆ లెక్కన ఏడాదికి 13 నెలలు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే 52 రీచార్జులన్నమాట! ఈ గోల విని 2022లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటైనా ఉండాలంది. పెట్టారు. యాప్ తెరిస్తే నాకు ముందు కనిపించేవి మాత్రం ఇప్పటికీ 28 రోజులవే.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైన మాట నిజం. కాదంటే కళ్లు పోతాయి. అయితే ఆ చవక అందరికీ ఒకేలా అందలేదు. మా పెద్దత్తయ్యది బటన్ల ఫోను. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. ఆవిడకి కావలసింది పిల్లల మాట వినడం, గ్యాసు బండ ఓటీపీ రావడం. ఆ ఫోనులో నెట్టే రాదు. అయినా ఇన్నాళ్లూ రోజుకి ఒకటిన్నర జీబీ ఉన్న ప్లానే వేశాం. వాడని డేటా రోజూ అర్ధరాత్రికి గాలికి పోయేది. పోయింది డేటా అయినా, డబ్బు ఆవిడదేగా.

2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్, మెసేజీలకు మాత్రమే ప్లాన్లు తేవాలని ఆదేశించింది. అవి వచ్చాయి కూడా. నా దృష్టిలో 5జీ కంటే ఇదే పెద్ద కబురు. దీనికి హోర్డింగులు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర బటన్ల ఫోనుంటే, ఈసారి రీచార్జి చేయించేటప్పుడు డేటా లేని ప్లాన్ ఏముందో అడగండి. అడగందే ఎవరూ చెప్పరు.