రాళ్ల కింద కాపురం

తాండూరు బండలు పరిచిన ఇంట్లో పెరిగినవాణ్ణి. రాయంటే నున్నగా, చదునుగా ఉండాలనుకునేవాణ్ణి. మెల్‌బోర్న్‌లో తోటలు వేయడం మొదలుపెట్టాక ఆ భ్రమ వదిలింది.

ఇక్కడ మా వృత్తికి పెద్దదిక్కు ఎల్లిస్ స్టోన్స్ (1895–1975). ఇంటిపేరే రాళ్లు! గల్లిపోలి యుద్ధంలో గాయపడ్డ మనిషి. ఆయన కట్టిన రాతిగోడ చూసి ముచ్చటపడి, తోటల రూపకర్త ఎడ్నా వాలింగ్ తన పనిలోకి పిలిచారు. ఆయన పెట్టిన బండలు అక్కడే పుట్టినట్టుంటాయి. నేనూ బండను సగం దాకా మట్టిలోకి దింపుతాను. "డబ్బు పోసి కొన్న రాయిని పాతిపెడతావేమిటయ్యా!" అని ఒక తెలుగాయన లబోదిబోమన్నారు.

నెల తిరక్కుండా ఆ బండ సందులోంచి నీలినాలుక బల్లి తల బయటపెట్టింది. మన నలికండ్లపాముకు పెద్దన్న లాంటిది. రెండు జానల పొడవు, పొట్టి కాళ్లు. వేడెక్కిన రాతికి పొట్ట ఆనించి పడుకుంది. దగ్గరికెళ్తే బుస్సుమని నాలుక చాపింది, ముదురు నీలం. నత్తలంటే దానికి ప్రాణం. నత్తల మందు చల్లొద్దని ఆయనకు మరీమరీ చెప్పాను.

అడవిలో రాళ్లు ఏరుకొస్తే చవకే కదా అంటారు కొందరు. న్యూ సౌత్ వేల్స్‌లో అలా ఎత్తుకెళ్లడం వల్ల బ్రాడ్‌హెడెడ్ పాముకు తలదాచుకునే చోటే కరువైంది. కొంటే క్వారీ రాయే కొనండి, ఎక్కడిదో అడిగి మరీ కొనండి.