పోదుమా అంటే పోదామా

ఈ వ్యాసంలో ఆమె పేరు ఉండదు. వద్దంది. కాంట్రాక్టు మీద చేసే ఉద్యోగం, ఎక్కడన్నా పేరు పడితే పైవాళ్ళు ఏమంటారో అని ఆమె భయం. అందుకని ఇంట్లో పిలిచినట్టే ఇక్కడా అక్క అనే రాస్తున్నాం. నిజానికి ఆమెకు ముప్పై నిండలేదు, మా చెల్లెలికి నలభై రెండు. అయినా వీళ్ళిద్దరూ ఒకరినొకరు అక్కా అనే పిలుచుకుంటారు. అరవంలోనూ తెలుగులోనూ అక్క అక్కే గనక ఆ ఒక్క మాట దగ్గర చిక్కు రాలేదు. మిగతా మాటల సంగతే చెప్పాలి.

మాది పాండూరు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దోవ. మీలో చాలామంది ఇళ్ళలో లాగే మా ఇంట్లోనూ లోపల తెలుగు, గడప దాటితే అరవం. మా చెల్లెలికి సెరిబ్రల్ పాల్సీ. మెదడులో కదలికల్ని నడిపే భాగానికి పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో దెబ్బ తగిలితే వచ్చేది అది. ఆ దెబ్బ తర్వాత పెరగదు. కానీ కండరాలు బిగుసుకుంటూ ఉంటాయి, సాగదీయకుండా వదిలేస్తే ఏళ్ళ మీద కీళ్ళు ముడుచుకుపోతాయి. అందుకే వ్యాయామం బతికినన్నాళ్ళూ చేయించాలి. తెలివికి ఏ లోటూ లేదు. నోటి కండరాలు మాట వినవు గనక పలుకు ముద్దగా వస్తుంది. ఇంట్లో మాకు అర్థమవుతుంది, అదీ సగం ఊహ.

మేమంతా బడికి పోయి అరవంలో చదువుకున్నాం. చెల్లెల్ని ఏ బడీ చేర్చుకోలేదు. మా అవ్వ ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెద్దబాలశిక్ష చూపించింది. అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్క. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది, అంతకుముందు చిత్తూరు జిల్లా. అవ్వ చదివిన అయిదు తరగతులూ తెలుగు బళ్ళోనే. దాంతో మా తరంలో బడికి పోయినవాళ్ళం తెలుగు కూడబలుక్కుని చదువుతాం, బడి మొహం చూడనిది మాత్రం పేజీ మీద కళ్ళు పరిగెత్తించేస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో బాగా తెలుగు చదవగలిగేది ఆమె ఒక్కతే.

చిన్నప్పుడు ఒక డాక్టరు, "ఇంట్లో రెండు భాషలుంటే ఈ బిడ్డకు మాట రాదు, అరవం ఒక్కటే మాట్లాడండి" అన్నాడు. అవ్వ, "నాకొచ్చేది ఒకటే నాయనా, అది నేర్పిస్తా ఉండాను" అని లేచి వచ్చేసింది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఇలాంటి పిల్లలకు నష్టమేమీ లేదని, ఇంటి భాష మానిపించకూడదని ఇప్పుడు ఆ వైద్యం చేసేవాళ్ళే చెబుతున్నారు. అప్పట్లో మా అవ్వకు అది ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఇంటికే వచ్చి వ్యాయామం చేయించే ఏర్పాటు తమిళనాడులో ఊరూరికీ వచ్చింది 'మక్కళై తేడి మరుత్తువం' పథకంతో. ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టారు. బీపీ, షుగరు మాత్రలు ఇంటికి తెచ్చివ్వడం దాంట్లో పెద్ద భాగం. మంచం దిగలేని వాళ్ళకు ఫిజియోథెరపీ కూడా ఉంది. అంతకుముందు మేం చెల్లెల్ని ఆటోలో తిరువళ్ళూరు తీసుకుపోయేవాళ్ళం. పోయేటప్పుడు కుదుపులకు బిగుసుకున్న కాళ్ళు ఆడ వదులు చేయించి, వచ్చేటప్పుడు మళ్ళీ బిగించి తెచ్చేవాళ్ళం.

అక్క మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ అలవాటు ప్రకారం చెల్లెలి గురించి అంతా తనే చెప్పసాగింది. అక్క విని, మంచం పక్కన కింద కూర్చుని, చెల్లెలి మొహంలోకి చూసి, "కాలు పట్టుకోవచ్చా అక్కా?" అని అరవంలో అడిగింది. అంతవరకు వచ్చినవాళ్ళు ఎవరూ అడిగింది లేదు. కాలు నేరుగా పట్టుకుని లాగేవాళ్ళు. అలా గబుక్కున లాగితే ఈ కండరం ఇంకా ఎదురు తిరుగుతుంది, మెల్లగా పట్టి, ఆపి, అది వదిలేదాకా కాచుకోవాలి అని మాకు చూపించింది ఆమే. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి ఉంచాలనీ, తల వెనక్కి వాల్చి పోస్తే పొలమారుతుందనీ కూడా.

ఆ పూట చివర్లో అక్క "పోదుమా?" అంది. అరవంలో చాలా అని. మా చెల్లెలికి అది "పోదామా?" అని వినబడింది. చేతులు రెండూ లేచిపోయాయి, మొహం వీధి వాకిలి వైపు తిరిగిపోయింది, గొంతులోంచి పెద్ద కేక. అక్క భయపడింది, ఎక్కడో నొప్పి పెట్టించానేమో అని. మేం నవ్వు ఆపుకుని సంగతి చెప్పాం. ఇంకొకరైతే తామూ నవ్వి సంచీ సర్దుకునేవాళ్ళు. ఈమె టైము చూసుకుంది, ఇంకో ఇంటికి ఫోను చేసి అరగంట ఆలస్యమవుతుందని చెప్పింది, చక్రాల కుర్చీ ఎక్కడుందని అడిగింది. ఆ సాయంత్రం ముగ్గురం కలిసి వీధి చివరి వరకు పోయి వచ్చాం. అప్పటినుంచి వ్యాయామం అయ్యాక "పోదుమా" అంటే మా ఇంట్లో రెండర్థాలూ చెల్లుతాయి.

అక్కకు తెలుగు రాదు. మా చెల్లెలు అరవం వింటుంది గానీ పలికేది తెలుగే, అదీ ముద్దగా. తెలుగు మాటను ముందు తెలుగుగా పోల్చుకోవాలి, ఆ పైన ముద్దలోంచి విడదీయాలి. అక్క ఒక నోటుపుస్తకం పెట్టుకుని నొప్పి, దాహం, చాలు, మెల్లగా అని అరవం అక్షరాల్లో రాసుకుంది. అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, ప, బ రెంటికీ ఒకటే. కాబట్టి ఆ పుస్తకం చూసి ఆమె చదివే తెలుగు వింటే మా చెల్లెలికి నవ్వు ఆగేది కాదు. నవ్వితే ఒళ్ళంతా బిగుసుకుంటుంది, మళ్ళీ మొదటినుంచీ వదులు చేయాలి.

కొన్నాళ్ళకు అట్ట తెచ్చింది. మాట రానివాళ్ళ కోసం బొమ్మల అట్టలు, అక్షరాల అట్టలు వాడే పద్ధతి కొత్తది కాదు. చెన్నై కొట్టూరుపురంలోని విద్యాసాగర్ లాంటి సంస్థల్లో ఉంది, 'అవాజ్' అనే యాప్ పుట్టిందీ చెన్నైలోనే. మా చెల్లెలి చెయ్యి తెర మీద నిలవదు గనక మాకు అట్టే మేలు. అక్క ముందు అరవం అక్షరాలు రాసి తెచ్చింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది. అది ఆమె 'వద్దు'. అవ్వ పెద్దబాలశిక్ష ఇంకా ఇంట్లో ఉందని మేం చూపించాక అక్క దాన్ని చూసి తన చేత్తోనే తెలుగు అట్ట రాసింది. ఒక్కటే గొడవ, ఇ, ఞ రెండూ ఆమె చేతిలో ఒకేలా వస్తాయి. తెలుగు వర్ణమాల ఈ పనికి కుదిరినట్టు ఇంకేదీ కుదరదేమో అనిపిస్తుంది మాకు. క నుంచి మ దాకా అయిదేసి అక్షరాల అయిదు వరుసలు సిద్ధంగా ఉన్నాయి. ముందు వరుసల మీద ఒక్కొక్కటిగా వేలు పెడుతుంది, చెల్లెలు కళ్ళు పైకెత్తితే ఆ వరుస. తర్వాత ఆ వరుసలో అక్షరాలు. గుణింతాలకు పక్కన ఇంకో వరుస.

ఆ అట్ట మీద మా చెల్లెలు అక్కను అడిగిన మొదటి మాట "తిన్నావా". పది నిమిషాలు పట్టింది. నలభై ఏళ్ళుగా ఇంకొకరు తినిపిస్తే తిన్న మనిషి. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్క మాత్రం "ఇంకా లేదు" అని ఉన్నమాట చెప్పింది. ఆ రోజు ఇద్దరికీ సంగటి, ఊరుబిండి.

రెండో ప్రశ్న "జీతం ఎంత". మాకు తల కొట్టేసినట్టయింది, పరాయి మనిషిని అడిగే మాటా అని. అక్క దాచకుండా చెప్పింది. తమిళనాడులో మా చెల్లెలి లాంటివాళ్ళకు నెల నెలా భత్యం వస్తుంది. చెల్లెలు కాసేపు లెక్క వేసి, "నేనే నయం, పని లేదు" అని అక్షరం అక్షరం చూపించింది.

ఇంటికి వచ్చి సాయం చేసేవాళ్ళను మనవాళ్ళు 'మా ఇంటి మనిషే' అంటుంటారు. ఆ మాట మీద మాకు కొంచెం అనుమానం ఉంది. ఎక్కువ పని చెప్పి తక్కువ ఇచ్చే చోటే అది గట్టిగా వినిపిస్తుంది. అక్క రావలసిన రోజు వస్తుంది, పోవలసిన వేళకు పోతుంది, ఆదివారం మేం ఫోను చేయం. ఆమె స్నేహితురాలే, కానీ మాకు కాదు, మా చెల్లెలికి. ఆ తేడా మాకు తెలిసింది పెళ్ళి పత్రికతో.

పోయిన తై నెలలో అక్క పెళ్ళి. పత్రికలు రెండు తెచ్చింది. ఒకదాని మీద మా నాన్న పేరు, 'కుటుంబ సమేతంగా' అని. రెండోదాని మీద మా చెల్లెలి పేరు మాత్రమే, తెలుగులో, ఆ ఇ, ఞ చేతిరాతతో. నలభై రెండేళ్ళలో ఆమె పేరున వచ్చిన మొదటి పత్రిక అది. ఇప్పటికీ మంచం పక్క గోడకు ఉంది. అరక్కోణం దగ్గర పెళ్ళి. మండపానికి ర్యాంపు లేదు, నాలుగు మెట్లు. ఆ మెట్ల దగ్గర అక్క తమ్ముళ్ళు ఇద్దరు మా కోసం కాచుకుని ఉన్నారు. కుర్చీని వెనక్కి తిప్పి, వాల్చి, ఒకరు పైనుంచి పిడులు పట్టుకుని, ఇంకొకరు ముందు చట్రం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించారు. పెళ్ళికూతురు వాళ్ళకు ముందురోజే నేర్పించిందట.

మీ ఇళ్ళలో ఇలాంటివాళ్ళుంటే తమిళనాడులో మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పథకం గురించి అడగండి. బడి వయసు పిల్లలైతే సమగ్ర శిక్షా కింద ఇంటికే వచ్చి నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. మంచం మీద ఉన్న మనిషి ఏ భాషలో మాట్లాడుతుందో ముందే చెప్పండి. వాళ్ళు అడగరు, మనకూ చెప్పాలని తోచదు.

పెళ్ళయ్యాక అక్క వేలూరు పక్కకు మారుతోంది. వచ్చే నెల నుంచి ఇంకొకరు వస్తారు. ఆ అమ్మాయికీ అరవమే. మా చెల్లెలు నాలుగు రోజులుగా అట్ట మీద ఆమెకు ఒక జాబితా తయారుచేస్తోంది, మేం రాసుకుంటున్నాం, అక్క అరవంలోకి మారుస్తోంది. ఇప్పటికి అయిదు సంగతులయ్యాయి. కాలు పట్టుకునే ముందు అడగాలి. ఎడమ మోకాలు ఆఖర్న. అమ్మను కాదు, నన్ను అడుగు. నీళ్ళు చెంచాతో. అయిదోది: పోదుమా అన్నావంటే కుర్చీ తీయాలి.