తోటి ఉపాధ్యాయినికి ఒక సిఫారసు

తోటివారికి సిఫారసు వ్రాసే అవసరం మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తటస్థించే ఉంటుంది. పూర్వం అది బడి ముద్ర వేసిన కాగితం. 'వీరు కష్టజీవులు, సత్ప్రవర్తన గలవారు' అని వ్రాసి సంతకం చేస్తే సరిపోయేది. ఇప్పుడు అదే పనిని లింక్డ్‌ఇన్‌లో నలుగురికీ కనబడేలా చేయవలసి వస్తున్నది. నాందేడ్‌లో నాతోపాటు తెలుగు బోధించే ఒక యువ ఉపాధ్యాయిని మొన్న ఏప్రిల్‌లో 'సార్, నా గురించి నాలుగు మాటలు వ్రాస్తారా' అని అడిగారు. 2018 నాటి చట్టం తెలంగాణ పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది కనుక హైదరాబాదులో ప్రయత్నిస్తున్నారట. ఇక్కడ ఆమెది తాత్కాలిక నియామకం.

ఆ వేదిక మొదట మీ సంబంధం ఏమిటని అడుగుతుంది. పైఅధికారియా, ఒకే బృందమా అని ఎంపికలు ఇస్తుంది. ఒక్క నల్లబల్లపై నడుమ గీత గీసి రెండు తరగతులకు పంచుకొన్నవారికి అందులో చోటు లేదు!

'అంకితభావం' వంటి మాట ఎవరికైనా అతుకుతుంది. అందుచేత ఆమె చేసిన ఒక్క పనినే వ్రాయదలచాను. మరాఠీ వ్రాతలో హ్రస్వ ఎ, ఒ లకు వేరు అక్షరాలు లేవు. కనుక మరాఠీ ముందు నేర్చిన మన పిల్లలు 'మెడ'నూ 'మేడ'నూ, 'నెల'నూ 'నేల'నూ ఒకే తీరున వ్రాస్తారు. పలుకుబడిలో తేడా చక్కగానే వినిపిస్తుంది, చిక్కంతా చేతి దగ్గరే. ఇది గమనించి ఆమె పదేపదే దిద్దించడం మానివేశారు. జంట పదాల చీటీలు చేసి, ఒకరు పలుకగా మరొకరు సరైన చీటీ తీసే ఆట పెట్టారు. దీపావళి సెలవుల నాటికి మూడవ తరగతి పుస్తకాలలో ఎర్రసిరా తగ్గింది. ఇది నేను కళ్లారా చూచినది.

సిఫారసు ముందు ఆమెకే చేరుతుంది. ఆమె మార్పు కోరవచ్చు, అంగీకరించిన పిదపే అది పుటపై కనబడుతుంది. 'ఆంగ్లంలో బోధించగలరని చేర్చండి సార్, అక్కడ అదే చూస్తారు' అన్నారు. కోరికలో అన్యాయం లేదు. అయినా ఆమె ఆంగ్లంలో పాఠం చెప్పగా నేను వినలేదు. వినని సంగతి వ్రాస్తే, చూచి వ్రాసినదాన్ని ఎవరు నమ్ముతారు? దానికి బదులు, మరాఠీ నోటీసులను తెలుగు తల్లిదండ్రులకు విడమరచి చెప్పగలరని చేర్చాను. కొంత ఆలోచించి ఒప్పుకొన్నారు. తెలుగు పాఠం కింద ఆంగ్లానువాదం కూడా జతచేశాను. హ్రస్వదీర్ఘాల ముచ్చటను ఆంగ్లంలో చెప్పడానికి ఒక పూట పట్టింది.

మంచిగా వ్రాస్తే మన బడికే నష్టం కదా అని మా ఇంట్లో అన్నారు. నిజమే. 1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగు ఇళ్లు ఇటువైపే మిగిలాయి. ఆ ఏడే రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమన్నది. బోధించేవారిని నిలుపుకొనే జీతం సంగతి అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి ఒక చిన్నవయసు ఉపాధ్యాయిని దారికి అడ్డుపడడం నాకు సమ్మతం కాదు.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆమె వెళ్లిన పక్షంలో జూన్ నుండి రెండు తరగతులూ నేనే చూడాలి. తెలుగు, మరాఠీ రెండూ వచ్చి డి.ఎడ్. చేసినవారు మీ ఎరుకలో ఉంటే దయచేసి తెలుపగలరు. చీటీల పెట్టె ఇక్కడే వదిలి వెళ్తానన్నారు.