ఆకుపచ్చ గడిలో చిన్నాయన

పోయిన ఆదివారం హాస్టల్ పిల్లలతో కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మంచి జీతమొచ్చే సైట్ ఆఫీసు నౌకరీ ఎందుకు వదిలేసినవు?" బాబాసాహెబ్‌ను చదివానని చెప్పి తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ మొత్తం నిజమూ కాదు. మిగతా నిజం ఒక ఎక్సెల్ షీట్లో ఉంది. ఇన్నేళ్లుగా రాయలేకపోయింది ఈ రోజు రాస్తున్నాను.

మాది పాలమూరు. తరాలుగా డ్యాములకూ కాలువలకూ రోడ్లకూ మట్టి మోసిన మనుషులం. మా తాతకూ నాయినకూ ఏ మస్టరు రోల్లోనూ సొంత పేరు లేదు. 'మేస్త్రీ ప్లస్ 14' అని రాసేవాళ్లు. ఆ పద్నాలుగులో ఒకడు మా నాయిన. అందుకే డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో టవర్లు లేస్తున్న ఒక సైట్లో సేఫ్టీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే, మా మాదిగ వాడంతా మురిసింది.

నా పని తేదీలు చూడటం. ప్రతి కూలీకి ఒక వరుస. పనిలో చేరిన రోజు ఇచ్చే ఇండక్షన్ ఎప్పుడయింది, బీపీ, కళ్లు, తల తిరుగుడు చూసే డాక్టరు పరీక్ష ఎప్పుడయింది, ఎత్తు మీద పనిచేసే పాస్ ఎప్పటిదాకా ఉంది. మా సైట్లో ఆ పాస్ ఆరు నెలలకోసారి మార్చాలి. గడువు ఉంటే గడి ఆకుపచ్చ, పదిహేను రోజుల్లో అయిపోయేదుంటే పసుపు, దాటిపోతే ఎరుపు. ఎరుపు పడ్డ మనిషిని గేటు దగ్గరే ఆపాలి.

నెలాఖరున ఆడిట్ అంటే నలభై గడులు ఎర్రగా ఉండేవి. వాళ్లందరినీ కిందికి దింపి పూట శిక్షణ ఇస్తే స్లాబు ఆగుతుంది. పై నుంచి మాట వచ్చేది: "షీట్ క్లియర్ చెయ్." నేను చేసేవాణ్ని. హాజరు కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకుని కొత్త తేదీ కొట్టేవాణ్ని. శిక్షణ జరిగేది కాదు. జరిగిన రోజుల్లోనూ హిందీలో జరిగేది. ఒడిశా, జార్ఖండ్ తమ్ముళ్లకు సగం అర్థమయ్యేది, మా ఊరోళ్లకు అదీ లేదు.

అట్లా ఒక సాయంత్రం మా వాడ చిన్నాయన వచ్చాడు. సెంట్రింగ్ పని. వేలిముద్ర వేసి, తెల్ల కాగితానికి బొటనవేలు తుడుచుకుంటూ అడిగాడు: "కొడుకా, ఈ బెల్టుకు రెండు హుక్కులున్నయి గదా. చివరాఖరి మూలకు పోతే దేనికి తగిలియ్యాలె?"

"అక్కడ తాడు కట్టి ఉంటది చిన్నాయినా" అన్నాను. నేను ఆ అంతస్తుకు ఎప్పుడూ ఎక్కలేదు.

పన్నెండో రోజు ఆయన ఆ మూల నుంచే పడిపోయాడు. షీట్లు ఊడదీయడానికి తాడు విప్పారు, మళ్లీ కట్టలేదు. ఒంటి మీద బెల్టు ఉంది. హుక్కులు రెండూ నడుముకే వేలాడుతున్నాయి.

ఆ రాత్రి ఆఫీసులో ముందుగా తెరిచింది నా షీటే. చిన్నాయన వరుస ఆకుపచ్చగా ఉంది. దాన్ని ప్రింట్ తీసి, వేలిముద్ర ఉన్న కాగితం జతచేసి చిన్నమ్మ ముందు పెట్టారు. "ట్రైనింగ్ ఇచ్చాం. హుక్కు పెట్టుకోకపోవడం ఆయన తప్పు. అయినా మానవత్వంతో ఎంతో కొంత ఇస్తాం." చిన్నమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఇచ్చింది తీసుకుని వాళ్లు శవంతో ఊరికి పోయారు.

చట్టం నాకు తర్వాత తెలిసింది. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం, పనిలో ప్రమాదం వల్ల కార్మికుడు చనిపోతే, అతను బెల్టు పెట్టుకోలేదనో మాట వినలేదనో యజమాని తప్పించుకోవడానికి వీలుండేది కాదు. ఆ సాకు మరణానికీ, శాశ్వతంగా పూర్తి వికలాంగుడైన వాడికీ చెల్లేది కాదు. ఆ ఒక్క మాట ఆ రాత్రి నాకు తెలిసి ఉంటే! తెలిసినా అనేవాణ్నా? ఇప్పటికీ జవాబు లేదు.

ఇంకో తేదీ ఉంది. చిన్నాయన సంచిలో లేబర్ కార్డు దొరికింది. గడువు దాటి రెండేళ్లు. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 18 నుంచి 60 ఏళ్ల వయసులో, గత పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసిన వాళ్లు సంక్షేమ బోర్డులో చేరగలిగేవాళ్లు. ఏడాది పాటు చందా కట్టకపోతే సభ్యత్వం పోయేది. సరైన కారణం చూపి బకాయి కడితే తిరిగి చేర్చుకునే దారి అదే 17వ సెక్షన్లో ఉండేది. కానీ ఆ కారణం చూపడానికి మనిషి బతికుండాలి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలైన డబ్బు కార్మికులకు చేరడం లేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టే తప్పుబట్టింది. చేరకపోవడానికి ఒక కారణం నా ముందే ఉంది. నా షీట్లో ఇరవై రెండు నిలువు వరుసలున్నాయి. లేబర్ కార్డుకు ఒక్కటీ లేదు. కంపెనీకి కావలసిన తేదీని దొంగతనంగానైనా పొడిగించాను. మా చిన్నాయనకు కావలసిన తేదీని అడగనే లేదు.

మూడు నెలల తర్వాత నౌకరీ మానేశాను. చిన్నమ్మ ఇంటికి పోయి వేలిముద్ర సంగతి చెప్పాను. ఆమె తిట్టలేదు. "నువ్వన్న సదువుకున్నోనివి, అక్కడ ఉన్నవని నిమ్మలంగుంటిమి కొడుకా" అంది. తిడితే బాగుండేది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పే బ్యాక్ టు సొసైటీ అని మనం మీటింగుల్లో అంటుంటాం. నాకు తెలిసిన చెల్లింపు ఇదొకటి. మీ అందరికీ ఎక్సెల్ వచ్చు. మీ వాడలో, మీ దగ్గరి అడ్డా మీద ఇరవై మందితో ఒక షీట్ మొదలుపెట్టండి. లేబర్ కార్డు గడువు, చందా కట్టిన తేదీ, రసీదు ఫొటో, నామినీ పేరు, ఏ నెలలో ఎక్కడ ఎన్ని రోజులు పనిచేశారు, అన్నీ రాయండి. శిక్షణ గడి పక్కన మాత్రం తేదీతో పాటు రెండు ప్రశ్నలు పెట్టండి: ఏ భాషలో చెప్పారు? హుక్కు దేనికి తగిలించాలో చేతితో చూపించారా? ఈ రెండింటికీ కార్మికుడి నోటి నుంచి జవాబు వచ్చేదాకా ఆ గడి ఎర్రగానే ఉండనివ్వండి. పాత చట్టాలు లేబర్ కోడ్లుగా మారాయి. ఈ ప్రశ్నలు మారలేదు.

మా షీట్లో ఇప్పుడు మూడు వందల పైచిలుకు పేర్లున్నాయి. మొదటి వరుస చిన్నాయనది. దాన్ని నేను తీసేయలేదు. రంగు మాత్రం మార్చాను.

జై భీమ్.