మైలుతుత్తంలో నీళ్లు

సంతలో నిమ్మకాయలు ఎంచి ఇస్తారు, బెల్లం తూచి ఇస్తారు. రసాయన చర్యలకు తెలిసింది నిమ్మకాయల బేరమే: ఇన్ని కణాలకు అన్ని కణాలు. ప్రయోగశాలలో త్రాసుకేమో బెల్లం బేరం తప్ప మరొకటి రాదు. ఆ రెంటికీ రాజీ కుదిర్చేది మోల్. మోల్‌ల సంఖ్యను మోలార్ ద్రవ్యరాశితో హెచ్చవేస్తే గ్రాములు; ఇంటర్ పిల్లలకు ఇంతకు మించి అక్కర్లేదు. ఒక మోల్ నీళ్లు 18 గ్రాములు, నాలుగు చెంచాలకు కాస్త తక్కువ. పంచదారయితే 342. అణువుల లెక్క మాత్రం రెండింట్లోనూ ఒకటే: 6.022 × 10²³.

దీన్ని అవగాడ్రో సంఖ్య అంటారు గానీ, అవగాడ్రో దీన్ని లెక్కగట్టలేదు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువులు సమానమని 1811లో అన్నాడంతే. ఆయన పేరు ఈ సంఖ్యకు పెట్టింది జీన్ పెర్రిన్, 1909లో. ఇంకా చిత్రం, మోల్‌ను వాడుకలోకి తెచ్చిన ఓస్ట్‌వాల్డ్ చాలాకాలం పరమాణువులనే నమ్మలేదు. తూకంతోనే ఆయన పని జరిగిపోయింది. అంత మొండి మనిషి మీద నాకెందుకో అభిమానం.

గుణకారం ఎవరైనా చేస్తారు. తేడా వచ్చేది అంతకు ముందే, సీసా దగ్గర. రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకునే మైలుతుత్తాన్నే తీసుకోండి. ఒక కాపర్, ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు కూడితే 159.6. కానీ ఆ నీలి స్ఫటికం ఐదేసి నీటి అణువులను వెంటబెట్టుకుని వస్తుంది. అందుకని దాని మోల్ 249.7 గ్రాములు, అందులో 90 గ్రాములు వట్టి నీళ్లే. 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ద్రావణానికి 0.025 మోల్ కావాలి, అంటే నీలి స్ఫటికాలు 6.24 గ్రాములు. నీళ్లను మరిచి 3.99 తూస్తే, గుణకారం ఒప్పే, తూకం ఒప్పే, ద్రావణం మాత్రం 0.064 మోలార్ దగ్గరే ఆగిపోతుంది. పైగా చూడ్డానికి అదీ నీలంగానే ఉంటుంది. పరీక్షపత్రంలో మోలార్ ద్రవ్యరాశి ముందే ఇచ్చేసే అలవాటు నాకు నచ్చనిది ఇందుకే. నేనైతే సీసా మీది చీటీ ఇచ్చి ఊరుకుంటాను.

నీలి స్ఫటికాలను బాగా వేడిచేస్తే నీళ్లు పోయి తెల్లటి పొడి మిగులుతుంది. 159.6 దానికి చెల్లుతుంది. ఆ పొడి సీసాకు మూత సరిగా పెట్టకపోతే గాలిలో తేమ పీల్చి మళ్లీ నీలమెక్కుతుంది. సగం తెలుపు, సగం నీలంగా ఉన్న ఆ పొడికి 159.6 వెయ్యకూడదు, 249.7 కూడా వెయ్యకూడదు. తూకం ఇక తగ్గడం లేదనేదాకా వేడిచేసి, తేమ తగలకుండా చల్లార్చి, అప్పుడు తూచాలి.