రియాళ్లలో ఒక ధర, కిలోల్లో ఒక ధర

రియాద్‌లో మాల్స్‌కి కొదవ లేదు. అయినా ఛుట్టీ మీద ఊరెళ్లే మనవాళ్లు సామాను కొనేది బత్హా బజారులోనే. శుక్రవారం జుమా నమాజు అయి, ఎండ కాస్త దిగితే చాలు, కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ మాటలన్నీ ఆ సందుల్లో ఒకేచోట వినిపిస్తాయి. కేరళ మార్కెట్ దాటి లోపలికి వెళ్తే చిన్న చిన్న కొట్లు. గుమ్మానికి పిల్లల గౌన్లు వేలాడుతుంటాయి. లోపల నేల నుంచి పైకప్పు దాకా రగ్గులు, ఫ్లాస్కులు, టిఫిన్ డబ్బాలు, అత్తరు సీసాలు.

ఇక్కడ ప్రతి వస్తువుకీ రెండు ధరలు. ఒకటి రియాళ్లలో, రెండోది కిలోల్లో. విమానం టికెట్టు మీద సాధారణంగా దొరికేది 30 కిలోలు. అమ్మకి మెత్తటి రగ్గు కావాలి, కానీ పెద్ద రగ్గు ఒక్కటే నాలుగైదు కిలోలు మింగేస్తుంది. కొట్టతను రగ్గును జిప్పు సంచిలోంచి తీసి, అరచేత్తో ఎదురు నిమిరి, నూగు ఊడటం లేదని చూపిస్తాడు. నచ్చిందంటే చుట్టచుట్టి, మోకాలితో అదిమి గాలంతా పోగొట్టి, నైలాన్ తాడుతో బిగిస్తాడు. కొక్కెం త్రాసుకి తగిలించి బరువు చదివి వినిపిస్తాడు. ఎక్కువైతే ఇంకొంచెం పల్చటిది తనే వెతికి తీస్తాడు. తన లాభం తగ్గినా సరే.

పిల్లవాడికి షర్టు ఏ సైజు కావాలని అడిగితే తండ్రి నడుం దగ్గర అరచెయ్యి పెట్టి “ఇంత ఉంటాడు” అంటాడు. అది పోయినసారి చూసినప్పటి ఎత్తు. “ఊరెళ్లి ఎన్నేళ్లయింది భాయ్?” అంటాడు కొట్టతను. రెండేళ్లని చెప్పగానే ఆ చేతిని పట్టుకుని బెత్తెడు పైకి లేపుతాడు. ఆ సైజే ఇస్తాడు. అతని పిల్లలూ కేరళలో ఏ మలప్పురంలోనో అతను లేకుండానే పెరుగుతున్నారు కాబట్టి ఆ లెక్క అతనికి తెలుసు. మాల్‌లో సైజుల పట్టిక ఉంటుంది గానీ ఈ లెక్క ఉండదు.

2021కి ముందు నమాజు వేళకి ప్రతి కొట్టూ మూసెయ్యాల్సిందే. బేరం సగంలో ఆగిపోయినవాళ్లం బయట మెట్ల మీద కూర్చునేవాళ్లం. పక్కనున్న మనిషిది మన మండలమేనని తెలిసేది అక్కడే.

అరువు సంగతి వేరే చెప్పాలి. చమురు ధర పడిపోయి, 2016లో నిర్మాణ కంపెనీల్లో వేలమందికి నెలల తరబడి జీతాలు రాలేదు. చెల్లెలి పెళ్లికి చీరో, నాన్నకి స్వెట్టరో కొనలేక మొహం వేలాడేసిన కుర్రాళ్లకి “తీసుకెళ్లు, వచ్చాక ఇద్దువులే” అని నోటుపుస్తకంలో రాసుకున్నది ఇలాంటి కొట్లవాళ్లే. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తర్వాత రోజులు మారాయి. 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ వచ్చింది, 2020 జులైకి అది 15 అయింది. ‘అబూ రియాలైన్’ అనే రెండు రియాళ్ల కొట్లలో పేరు మిగిలింది గానీ చాలా వస్తువులు ఆ ధరకి రావు. 2018 సెప్టెంబరు నుంచి రెడీమేడ్ బట్టల కొట్లలో, ఇంటి సామాను కొట్లలో 70 శాతం మంది సౌదీ ఉద్యోగులే ఉండాలన్నారు. తమ దేశంలో తమ పిల్లలకి పని దొరకాలని అనుకోవడం న్యాయమే. కౌంటర్ల దగ్గర ఇప్పుడు కనిపించే సౌదీ కుర్రాళ్లు, అమ్మాయిలు మర్యాదగానే మాట్లాడతారు, ఓపికగా చూపిస్తారు. కానీ ఎందరో పాతవాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. మన ఇళ్ల కొలతలన్నీ గుర్తుపెట్టుకున్న మనుషులు వాళ్లు.

మిగిలినవాళ్లు మిగిలారు. దర్జీలు ఇంకా ఉన్నారు. జపాన్ తెల్లగుడ్డ తానులు పెట్టుకుని సౌదీలకి తోబ్‌లు, అంటే పొడుగు అంగీలు, కుట్టే ఆ కొట్లలో రంజాన్ సగం కాకముందే ఆర్డర్లు ఆపేస్తారు. మన ప్యాంటు పొట్టి చేయించుకోవాలన్నా పండగ దాటాల్సిందే.

కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఏం కొనాలని అడిగితే, ఎక్కడ కొనాలో ముందు చెప్తున్నాను. బేరం ఆడండి, ఆడాల్సిందే. రగ్గు అక్కడే తూయించి, అక్కడే కట్టించుకోండి. ఛుట్టీ ముందు వారమే కాదు, మామూలు నెలల్లో కావాల్సిన తువ్వాలూ బనియనూ కూడా ఈ బత్హా కొట్లలోనే తీసుకోండి.