పంజరం ముందు ప్రశ్నలు

నిపుణ వ్యవస్థ అన్న మాట గంభీరంగా వినిపిస్తుంది గానీ దాని గుట్టు చాలా చిన్నది. అనుభవజ్ఞుడు తన మనసులో వేసుకునే ప్రశ్నలను "ఇలా ఉంటే అలా" అనే నియమాలుగా విడదీసి కంప్యూటరుకు అప్పగించడమే. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మైసిన్, రోగి రక్తంలోని సూక్ష్మజీవులను ఈ పద్ధతిలోనే గుర్తించేది. "ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నావు?" అంటే కారణం చెప్పడం నాకు దానిలో మిక్కిలి నచ్చిన గుణం. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ కూడా 2014లో మొదలైనప్పుడు ఐదు ప్రశ్నలతోనే పక్షి పేరు చెప్పేది.

మహబూబ్‌నగర్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు పెంపుడు చిలుకల కోసం అటువంటిదే చేస్తానంటే, ఇద్దరమూ కూర్చుని నియమాలు రాశాము. మన బజార్లలో లవ్ బర్డ్స్ పేరిట అమ్మేవి చాలావరకు ఆస్ట్రేలియా బడ్జరిగార్లు. వీపు మీద అలల వంటి చారలు వాటి గుర్తు. ముక్కు పైనున్న మెత్తని చర్మం నీలంగా ఉంటే సాధారణంగా మగది, గోధుమరంగైతే ఆడది. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటి తోక పొట్టి. పొడవాటి తోక, ఎర్రని ముక్కు, ఆకుపచ్చని ఒళ్ళు ఉంటే మన రామచిలుక. ఇంకా పెద్దదై, భుజాన ఎర్రమచ్చ ఉంటే అలెగ్జాండ్రిన్ చిలుక. రామచిలుక మెడకు నలుపు, గులాబీ రంగుల కంటె ఉంటే ఎదిగిన మగది. కంటె లేనంత మాత్రాన ఆడదని తేల్చరాదు. మగపిల్లకు అది రావడానికి మూడేళ్ళ దాకా పడుతుంది. అందుచేత అక్కడ "ఆడదో, పిల్లో" అని రాయించాను.

మేనకోడలు తనంతట తాను మరొక నియమం చేర్చింది: పక్షి ఈ దేశపు అడవిదైతే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పంజరంలో పెట్టరాదు.

మొదటి పరీక్ష నల్లగొండలో మా పెద్దమ్మ ఇంట జరిగింది. పెదనాన్న పోయిన ఏడు ఎవరో తెచ్చి ఇచ్చిన చిలుక అది. చిన్ననాడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో ఆమె తరిమిన జాతి కూడా అదే. మేనకోడలు ఒక్కొక్క ప్రశ్నే చదువుతూంటే పెద్దమ్మ నవ్వి, "గిన్ని ఎందుకడుగుతున్నవ్ బిడ్డా?" అంది. పిల్ల కారణాలు చెప్పింది. చివరి నియమమూ చదివింది.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "రెక్కలు కత్తిరించి తెచ్చిండ్రు. ఇప్పుడు ఇడిస్తే పిల్లి తినదా?" అంది.

ఆ ప్రశ్నకు మా వద్ద నియమం లేదు. ఆమె మాట నిజం. ఏళ్ళ తరబడి పంజరంలో బతికిన చిలుకను తలుపు తీసి వదిలేయడం దయ కాదు. తిండి వెదకడమూ, ప్రాణం కాపాడుకోవడమూ దానికి తెలియవు. అటవీశాఖ వారికి అప్పగించడమే మార్గమని చెప్పాను. ఆమె బదులు చెప్పక, చిలుకకు జామపండు ముక్క అందించింది.

పేరు చెప్పడంతో యంత్రం పని ముగుస్తుంది. ఆ పేరు తెలిసిన తర్వాతి భారమంతా మనుషులదే.

నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మ ఫోన్ చేసింది. అటవీశాఖ ఆఫీసు ఎక్కడుంటదని అడిగింది. పంజరం మళ్ళీ ఇంటికి తెచ్చుకోవచ్చునా అని కూడా అడిగింది.

ఆ రెండో ప్రశ్న ఎందుకని నేను అడగలేదు.